కర్త లేని వాక్యం

కాలేజీ ఆఫీసులో ఇచ్చిన కవరు ఒళ్ళో పెట్టుకుని, చింపడానికి చెయ్యి రాక, బస్సు కిటికీ పక్కన కూర్చున్నానని చెప్పిన దగ్గర కదా కిందటి వారం ఆగాను. మూడో స్టాపు దాటగానే చింపేశాను. ఇంటిదాకా ఆగేంత నిబ్బరం నాకు లేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళుంటే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. వయసు ముప్పై ఆరు. పద్దెనిమిదేళ్ళ కిందట ఇదే కాలేజీలో చేరడానికి ఇంగ్లీషు పరీక్ష రాశాను. రాతపరీక్షలో వ్యాసం బాగా రాశాను. నోటి పరీక్షలో మాత్రం నాలుక అంగిలికి అతుక్కుపోయింది. పరీక్ష పెట్టినాయన్ని అందరూ కోటు మాస్టారు అనేవాళ్ళు, మండుటెండలో కూడా కోటు విప్పడని. "నాలుగు మాటలు పలకలేనిదానివి, ఇంత వ్యాసం నీ చేత్తో నువ్వే రాశావా? ఎక్కడ కొట్టుకొచ్చావ్?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు ఆయనకి ఒప్పుకోలులాగా కనిపించింది.

మర్నాడు మా నాన్నని పిలిపించాడు. మా నాన్న కాలిపోయిన మోటార్లకి మళ్ళీ తీగ చుట్టే పని చేసేవాడు. చేతికంటిన వార్నిష్ కిరసనాయిలుతో రుద్ది కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను వరండా చివర బెంచీ మీద కూర్చోమన్నారు. నాన్న ఒక్కడే లోపలికెళ్ళి పది నిమిషాల్లో నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఇంకోసారి పరీక్ష పెడతారటమ్మా! కాగితం మీద ఏముందో లోపలొక టీచరుగారు చదివి చెప్పింది. సంతకం పెట్టేశాను. పద, ఆకలేస్తోంది."

రెండు నెలలు ఎదురుచూశాం. కబురు రాలేదు. చివరికి ఇద్దరం వెళ్ళి అడిగితే, కిటికీ అవతల గుమాస్తా ఫైలు తిరగేసి, వెనకాల వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు: "మళ్ళీ పరీక్షేంటయ్యా? మీ అమ్మాయి కాపీ కొట్టిందని నువ్వే ఒప్పుకుని సంతకం పెట్టావుగా. ఈ కాలేజీ గడప తొక్కకూడదు."

ఆ రోజు తరవాత మా నాన్న ఇంకెప్పుడూ సంతకం పెట్టలేదు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా బొటనవేలు చాపేవాడు. "సంతకం వచ్చుగా నీకు" అని ఎవరైనా అంటే, "మర్చిపోయాను" అనేవాడు. ఆరేళ్ళ కిందట ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద కూడా వేలిముద్రే వేశాడు. అదే ఆయన ఆఖరి గుర్తు.

ఇక కవరు సంగతి. నా అర్జీ చూసి, నిషేధం ఎత్తేసి నన్ను మళ్ళీ పరీక్షకి కూర్చోనివ్వడానికి ఒప్పుకుంటున్నామని రాసి, పాత రికార్డు నకలు కూడా జతచేశారు. ఆ రోజు నాన్న సంతకం పెట్టిన ఉత్తరాన్ని నేను చూడడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో ఏడు వరసలు, అంతే. బస్సు కుదుపుకి అక్షరాలు ఎగురుతున్నా నాకు ఇట్టే అర్థమైంది. వ్యాసం కాపీ చేయబడినది. విషయము తండ్రికి చదివి వినిపించబడినది. తండ్రి చేత అంగీకరించబడినది. ఒక్క వాక్యంలోనూ ఎవరూ ఏమీ చెయ్యలేదు. అన్నీ వాటంతటవే జరిగిపోయాయి.

కింద మూడు సంతకాలు. మొదటిది కోటు మాస్టారిది. రెండోది మా నాన్నది, బడిపిల్లాడిలా పెద్ద పెద్ద అక్షరాలతో, గీత తప్పకుండా. దాని మీద వేలు పెట్టుకుని ఒక స్టాపు దాకా అలాగే కూర్చున్నాను.

మూడోది సాక్షి సంతకం. చివరి అక్షరం కిందికి దిగి, గాలంలా వంపు తిరిగి, మళ్ళీ మొదటి అక్షరాన్ని అందుకుంటుంది. ఆ తోక నాకు తెలుసు. పది నెలలుగా నా నోటు పుస్తకాల్లో దిద్దిన ప్రతి పేజీ కిందా ఎర్ర సిరాతో ఉంటున్నది అదే.

అది నా టీచరమ్మది.

*

ఆవిడ మా దుకాణానికొచ్చింది పది నెలల కిందట, చదువుకునే అద్దాలు మార్పించుకోవడానికి. నేను బల్ల కింద పాత ప్రశ్నపత్రాల పుస్తకం దాచుకుని చదువుతుంటే చూసింది. ఈ వయసులో ఇంగ్లీషు పరీక్ష ఎందుకని అడిగింది. ఎందుకో ఆ రోజు నా నోరు ఆగలేదు. నాన్న సంగతి, ఉత్తరం సంగతి అంతా చెప్పేశాను. ఆవిడ మంచినీళ్ళు అడిగి తాగింది. మర్నాడు మళ్ళీ వచ్చి, "ప్రతి ఆదివారం మా ఇంటికి రా. నేను చెప్తాను చదువు" అంది. నేను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను.

దణ్ణం పెట్టాను! అది తలుచుకుంటే ఆ నాలుగు రోజులూ నా చేతులు మండిపోయాయి.

గురువారం కవరు చింపాను. ఆదివారం దాకా ఆవిడకి ఫోను చెయ్యలేదు. శుక్రవారం అరగదీసే చక్రం మీద ఒక అద్దం పగలగొట్టాను. పన్నెండేళ్ళలో అది రెండోది. మా యజమాని కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసి, "పరీక్ష నీకా, నా అద్దాలకా?" అన్నాడు. శనివారం ఒక పెద్దాయనకి పరీక్ష ఫ్రేము తగిలించి, ఇది స్పష్టంగా ఉందా, అది స్పష్టంగా ఉందా అని అద్దాలు మారుస్తూ, మనసులో మాత్రం ఇంగ్లీషులో వాక్యాలు కడుతున్నాను. ఒక్కో మాటా ఏరి, పదును చూసి పెట్టుకున్నాను. కోపంలో తెలుగు ఎవరికైనా వస్తుంది. నేను ఆవిడ్ని ఆవిడ నేర్పిన భాషలోనే నిలదీయాలి.

ఆదివారం మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటుంటే మా అమ్మ ఆపింది.

"ఏమే, నాలుగు రోజులుగా మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నావ్. పరీక్షంటే భయమా?"

"భయం కాదమ్మా. ఆకలి."

"ఆకలైతే తినేసి పో. వండింది వండినట్టే ఉంది గిన్నెలో."

చెప్పాలనిపించింది. ఉత్తరం సంచిలోనే ఉంది. కానీ నాన్న సంతకం చూస్తే అమ్మ ఏమైపోతుందో! వచ్చాక తింటానని చెప్పి బయటపడ్డాను.

*

టీచరమ్మ ఉండేది ఇస్త్రీ షాపు మీద మేడ గదిలో. మెట్ల నిండా ఆవిరి వాసన, వేడి బట్టల వాసన. తలుపు ఎప్పటిలాగే తీసే ఉంది. ఆవిడ ఎప్పటిలాగే బల్ల దగ్గర కూర్చుని ఉంది. లావుపాటి డిక్షనరీలు, గుండ్రటి గడియారం, మూత తీసిన ఎర్ర పెన్ను. అరవై నాలుగేళ్ళ మనిషి. నేను బిగించిన అద్దాల్లోంచి నన్ను చూసి నవ్వింది.

"రా రా. ఇంక ఎనిమిది రోజులే. ఇవాళ నోటి పరీక్ష ఒక్కటే చేద్దాం. అంశం నేనివ్వనా, నువ్వే ఎంచుకుంటావా?"

"నేనే తెచ్చుకున్నాను మేడమ్. నాకు అందిన ఒక ఉత్తరం."

"బాగుంది. రెండు నిమిషాలు. తడబడితే ఆగకు, సాగిపో." గడియారం తన వైపు తిప్పుకుంది.

మొదలుపెట్టాను. ఇంగ్లీషులోనే. నాకు మొన్న ఒక ఉత్తరం అందింది, దాని వయసు పద్దెనిమిదేళ్ళు అన్నాను. ఆవిడ బాగుందన్నట్టు తలూపింది. దాని మీద ఏడు వరసలున్నాయి, ఏ వరసలోనూ మనుషులు లేరు అన్నాను. తల ఊపడం ఆగింది. దాని కింద మా నాన్న సంతకం ఉంది, ఆయనకి ఆ భాష రాదు, ఎవరో ఆయనకి చదివి చెప్పారు, ఏమని చెప్పారో ఉత్తరంలో లేదు అన్నాను. పెన్ను ఆవిడ వేళ్ళ మధ్య కదలకుండా నిలబడిపోయింది. నేను ఆవిడ కళ్ళలోకే చూస్తూ, ఒక్క తడబాటు లేకుండా, ఆఖరి వాక్యం చెప్పాను: మూడో సంతకం నేను గుర్తుపట్టాను, ఎందుకంటే ఆ సంతకం చేసినామెకి నేను ప్రతి ఆదివారం దణ్ణం పెడుతున్నాను.

కింద ఇస్త్రీ పెట్టె బుస్సుమంది.

టీచరమ్మ పెదాలు కదిలాయి. గొంతు పీలగా వచ్చింది. "సిగ్నేచర్ ముందు ఒకచోట 'ది' వదిలేశావ్."

అలవాటు మనిషిని ఎంత దూరం లాక్కెళ్తుందో! ఆ మాట అన్నాక ఆవిడకే తెలిసింది ఏమందో. పెన్ను బల్ల మీద పడేసి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

నేను సంచిలోంచి నకలు తీసి డిక్షనరీ మీద పరిచాను.

"ఇది మీ సంతకమేనా?"

"నాదే."

"మా నాన్నకి ఇది చదివి చెప్పింది మీరేనా?"

మొహం కప్పుకునే తలూపింది.

"మా నాన్న ఏమడిగాడు మిమ్మల్ని?"

"'అమ్మా, ఇందులో ఏముందమ్మా' అని అడిగాడు." మొహం మీంచి చేతులు తీయకుండానే చెప్పింది. "కోటు మాస్టారు నా వైపు చూశాడు. నేను... ఇంకోసారి పరీక్ష పెడతారండీ, దానికోసం సంతకం కావాలి అన్నాను. మీ నాన్న నాకు నమస్కారం పెట్టాడు."

నాన్న కూడా పెట్టాడన్నమాట! తండ్రీకూతుళ్ళం ఇద్దరం ఒకే మనిషికి. బల్ల అంచు పట్టుకున్నాను. పట్టుకోకపోతే ఆ చెయ్యి ఎక్కడికి లేచేదో నాకు తెలుసు.

"ఎందుకు?" అన్నాను.

"ఆయన చెప్పమన్నాడు."

"ఆయన చెప్తే చెప్పేస్తారా? ముక్కూమొహం తెలియని మనిషికి అబద్ధం చెప్పించడానికి ఆయన కారణం ఆయనకి ఉంటుంది. మీకేంటి?"

ఆవిడ లేచింది. గోడ పక్క ఇనప బీరువా తాళం తీసింది. అడుగు అరలోంచి బట్ట చుట్టిన ఫైలు తీసి, దాన్లోంచి పసుపు రంగుకి తిరిగిన కాగితాలు నాలుగు తీసి నా ముందు పెట్టింది. పెట్టి, కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

చేతిరాత నాదే. పద్దెనిమిదేళ్ళ వయసులో నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవో! నాకు బాగా తెలిసిన ఒక శబ్దం, అని పైన అంశం. మా నాన్న మోటారుకి తీగ చుడుతూ చుట్లు లెక్కపెట్టే గొంతు గురించి రాశాను. ఎన్నో చుట్టులో ఉన్నాడో ఆ గొంతు బరువుని బట్టి వంటింట్లో అమ్మకి తెలిసిపోయేదని, ఆయన లెక్క ఆపితేనే మా ఇంట్లో నిశ్శబ్దమంటే ఏమిటో తెలిసేదని. తప్పులున్నాయి. చాలానే ఉన్నాయి. కానీ దాన్ని ఎవడో వేరేవాడు రాశాడని ఎవరైనా ఎలా అనగలరు? ఏ పుస్తకంలో ఉంటుంది మా నాన్న గొంతు?

మొదటి పేజీ మూలన మార్కులు. యాభైకి నలభై ఆరు. కోటు మాస్టారి చేతిరాత. దాని మీద అడ్డంగా రెండు గీతలు, పక్కన సున్నా.

"వ్యాసం నీదేనని ఆయనకి తెలుసు. చదివిన రోజు స్టాఫ్ రూంలో అందరికీ పైకి చదివి వినిపించాడు. 'ఎవరీ పిల్ల' అని మురిసిపోయాడు కూడా" అంది టీచరమ్మ.

"మరి?"

"ఆ ఏడు ఇంగ్లీషు ఆనర్స్‌లో ఒక్క సీటే మిగిలింది. రాతపరీక్ష మార్కుల్లో నీది ఫస్టు ర్యాంకు. నోటి పరీక్షలో నోరు పెగలకపోయినా నువ్వే ఫస్టు అయ్యేదానివి. సెకండు ర్యాంకు మా అమ్మాయిది."

చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాను.

"నీ నోటి పరీక్షకి ముందే నేను వెళ్ళాను ఆయన దగ్గరికి. నా బిడ్డకి తండ్రి లేడు, ఈ సీటు రాకపోతే దాని బతుకు ఇక్కడే ఆగిపోతుంది అని ఏడ్చాను. ఆయన సరేనన్నాడు. ఎలా చేస్తాడో నాకు తెలీదు అప్పుడు. సాక్షిగా సంతకం పెట్టమని గదిలోకి పిలిచినప్పుడు తెలిసింది. అక్కడ మీ నాన్న నిలబడి ఉన్నాడు. చేతుల్లోంచి కిరసనాయిలు వాసన వస్తోంది."

"ఆ వాసన ఇంకా గుర్తుందా మీకు?"

"మర్చిపోతే బాగుండేది."

"మర్చిపోకూడదు. పద్దెనిమిదేళ్ళు కాదు, ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికినా మర్చిపోకూడదు మీరు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అరవలేదు. అరిస్తే సగం కోపం బయటికి పోతుంది. నాకు ఒక్క చుక్క కూడా పోవడం ఇష్టం లేదు. "ఈ పది నెలలూ నాకు చదువు చెప్పారా, మీ మనసుకి మందు రాసుకున్నారా?"

"రెండూ" అంది. "నువ్వు బాగుపడితే నాకు కాస్త నిద్ర పడుతుందనుకున్నాను. ఇంకా చెప్పాల్సింది ఒకటుంది. నువ్వు ఈసారి నోటి పరీక్షకీ కోటు మాస్టారే వస్తాడని, ఆయన మొహం మీదే ఇంగ్లీషులో గడగడా మాట్లాడాలని ఎదురుచూస్తున్నావుగా. ఆయన తప్పుకున్నాడు. రేపు బోర్డు మీద పేర్లు పెడతారు. ఆ కుర్చీలో కూర్చునేది మా అమ్మాయి."

నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది. నా సీటులో కూర్చుని చదువుకున్న మనిషి, నాకు ఇంగ్లీషు వచ్చో రాదో తేల్చడానికి నా ఎదురుగా కూర్చుంటుంది!

టీచరమ్మ గోడ దగ్గర్నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "దానికేం తెలీదు. నా తల మీద ఒట్టు. ర్యాంకు తన సొంతమనే అనుకుంటోంది. నన్నేమైనా చెయ్యి. కాలేజీకి రాయి, పేపరుకెక్కించు. దాని జోలికి మాత్రం వెళ్ళకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

చెయ్యి విడిపించుకున్నాను. కాళ్ళు పట్టుకుంటే నాకేం వస్తుంది? మా నాన్న వేలికి మళ్ళీ సంతకం వస్తుందా?

"కూర్చోండి" అన్నాను.

కూర్చుంది.

"తెల్లకాగితం తీసుకోండి. జరిగిందంతా ఇంగ్లీషులో రాయండి. కింద సంతకం పెట్టండి. అదే తోకతో."

ఆవిడ నీలం పెన్ను తీసుకుంది. రెండు వాక్యాలు రాసి నా వైపు జరిపింది. వణికినా దస్తూరి అందంగానే ఉంది.

చదివాను. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక పొరపాటు జరిగినది. ఒక విద్యార్థిని తండ్రికి ఉత్తరంలోని విషయము తప్పుగా తెలపబడినది.

ఎర్ర పెన్ను అందుకున్నాను. పది నెలల్లో ఆ పెన్ను నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. 'పొరపాటు' అన్న మాట చుట్టూ సున్నా చుట్టాను.

"ఈ మాట తప్పు. చెయ్యి జారితే పొరపాటు. దీనికి వేరే మాట ఉంది. మీరే నేర్పారు నాకు, మూడో నెలలో. వెయ్యండి."

కొట్టేసి వేసింది. మోసం.

"'జరిగింది' ఏంటి? వాన పడిందా, కరెంటు పోయిందా దానంతటదే జరగడానికి? ఎవరు చేశారు?"

"అలా రాయలేనే..."

"పాసివ్ వాయిస్ చెప్పిన రోజు మీరేమన్నారో గుర్తుందా? చేసినవాడు ఎవరో తెలియనప్పుడు వాడాలి, తెలిసి కూడా వాడితే వాక్యం వెనక ఎవరో నక్కారని అర్థం అన్నారు. నేను నోట్సు రాసుకున్నాను. కర్త ఏది మేడమ్ ఈ వాక్యానికి?"

కన్నీళ్ళు కాగితం మీద పడకుండా మొహం పక్కకి తిప్పుకుని, కొట్టేసింది. మళ్ళీ రాసింది. నేను మోసం చేశాను.

"రెండోది. 'తెలపబడినది'. ఎవరు తెలిపారు?"

"నేను."

"రాయండి. 'ఒక విద్యార్థిని తండ్రి' ఏంటి? ఆయనకి పేరు లేదా? ఈ ఉత్తరం మీద ఉంది, నకలులో చూసి రాయండి. అక్షరం తప్పు పోకూడదు."

చూసి రాసింది. ఆవిడ చేతి కింద మా నాన్న పేరు ఇంగ్లీషులో ఒక్కో అక్షరమే లేస్తుంటే ఒంగి చూశాను. పద్దెనిమిదేళ్ళుగా నేను కోరుకున్నది ఇదే అనుకున్నాను. ఒక్కొక్క మాటా పిండుతుంటే ఎంత బాగుందో చెప్పలేను. మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటూ వచ్చారేమో, క్షమించండి. ఆ ముసలి మనిషి చెయ్యి వణుకుతుంటే నాకు జాలి కలగలేదు. ఇంకా కొంచెం వణకాలనిపించింది.

ఐదు వాక్యాలయ్యాయి. ప్రతి దానికీ కర్త ఉంది. నలభై ఆరు మార్కులు, వాటి మీద గీతలు, సున్నా, అన్నీ వచ్చాయి.

"ఆరోది" అన్నాను. "ఆ సీటు ఎవరికి వచ్చింది?"

పెన్ను ఆగిపోయింది.

"అది వద్దు. ఇంతవరకూ నువ్వు చెప్పినట్టల్లా రాశాను కదా. అదొక్కటి వదిలెయ్యి."

"రాయండి."

"దానికి ఉద్యోగం పోతుంది. నలుగురిలో తలెత్తుకోలేదు. ఏ తప్పూ చెయ్యని పిల్లని..."

"నేనేం తప్పు చేశాను మేడమ్, ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు?"

ఆవిడ వేళ్ళు మళ్ళీ పెన్ను మీద బిగిశాయి. 'ఆ సీటు' అన్నదాకా రాసింది. అప్పుడే మెట్ల మీద మడమల చెప్పుల చప్పుడు వినిపించింది. టీచరమ్మ కాగితం మీదికి డిక్షనరీ లాగబోయింది. నేను దాని మీద అరచెయ్యి పెట్టి నొక్కేశాను.

వచ్చినామె నా వయసుదే. భుజాన తోలు సంచి, మెడలో కాలేజీ కార్డు. తల్లి కళ్ళే, తల్లి నవ్వే.

"అమ్మా, కింద బండి పెట్టడానికి చోటే లేదు. ఓ, స్టూడెంటు ఉన్నారా? మీరేనా కళ్ళజోళ్ళ దుకాణంలో ఉండేది? అమ్మ ఎప్పుడూ మీ గురించే చెప్తుంది. బాగా చదువుతారటగా!" అని చనువుగా నా వైపు చెయ్యి చాచింది.

నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. నాలుగు పసుపు కాగితాలూ తీసి, మార్కులున్న వైపు పైకి ఉండేలా, ఆ చాచిన చేతిలో పెట్టాను. ఇక్కడే తెలియనీ, ఇప్పుడే, తల్లి కళ్ళ ముందే తెలియనీ అనుకున్నాను. ఆ నవ్వు ఎలా ఆరిపోతుందో కళ్ళారా చూడాలని ఒక అడుగు దగ్గరికి కూడా జరిగాను.

ఆమె కాగితాల వైపు చూసింది. మూలన ఉన్న మార్కుల్ని చూసింది. చదవలేదు. చదవాల్సిన అవసరం ఆ కళ్ళకి ఉన్నట్టు లేదు. నవ్వు ఆరలేదు. కాస్త సన్నబడింది, అంతే.

తల్లి వైపు తిరిగి, ఎంతో మామూలుగా అంది: "దీన్ని తగలబెట్టేశానని చెప్పావు కదమ్మా నాతో."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

కూతురు వెనక్కి నడిచి తలుపు దగ్గరికి వేసింది. లోపలి గడియ పెట్టింది. సంచి దించి, కుర్చీ లాక్కుని, నాకూ బల్లకీ మధ్య కూర్చుంది.

"సరే" అంది. "ఎంతవరకూ చెప్పావ్ ఈవిడకి? సీటు దాకానా? లేకపోతే మూడో ర్యాంకు పిల్ల ఏమైందో కూడా చెప్పేశావా?"